నీలిమను మాత్రం అడగలేదు

నీలిమకు ఒళ్ళు మండిపోతోంది. పెళ్ళి తనది, సరేనన్నది ఇంటిల్లిపాదీ. ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?

గొర్రెలకు టీకాలు వేయించమని ఊరూరా తిరిగే ప్రాజెక్టులో ఆమె పశువుల డాక్టరు, దేవేంద్ర మాటకారి. పుంగనూరు కాపర్ల ముందు 'బిడ్డల్లాంటివి గదప్పా' అని గొంతు వణికిస్తాడు. కుప్పం వ్యాపారులకు గడగడా లెక్కలు చెప్తాడు. మదనపల్లె కాలేజీలో 'మా డాక్టరమ్మ గోల్డ్ మెడలిస్టు' అంటూ ఆమె పేరు వాడుకుంటాడు. అన్నిచోట్లా చప్పట్లే. ఆ మాటలకే ఆర్నెల్ల కిందటే నీలిమ మనసు జారింది, పైకి చెప్పలేదంతే.

నిన్న ఆమె కుప్పం క్యాంపులో ఉండగా, ఆ నోరేసుకుని మదనపల్లెలో ఆమె వాళ్ళింటికే పిల్లనడగడానికి వెళ్ళాడు మహానుభావుడు.

ఈరోజు పుంగనూరు దారిలో వాన పట్టుకుంది. జీపు ఆపి ఇద్దరూ టీ అంగడి రేకుల కిందకు పరిగెత్తారు.

"మా నాయనకు ఏం చెప్పినావు?" అంది నీలిమ.

"ఉద్యోగం, జీతం. అంగడి నడిపే మనిషి, లెక్క సూస్తాడు గదా."

"మాయమ్మకు?"

"మా అమ్మకు కూతుర్లు లేరని. ఆయమ్మ కండ్లనీళ్ళు పెట్టుకునింది."

"పెద్దనాయనకు?"

"ఊరి పెద్ద, మా మామ పేరు చెప్పినా. పెద్దోళ్ళంటే ఆయనకు గురి."

"మరి నాకు?"

దేవేంద్ర అంగడాయన వైపు తిరిగి రెండు టీలు చెప్పాడు.

"కాపర్లనైనా కడాకు 'టీకా వేయిస్తారా' అని అడుగుతావే. ఆ మాత్రం నన్నడగబుద్ధి కాలేదా నీకు?"

"ముందు పెద్దోళ్ళను అడిగేది మర్యాద అనుకుంటి."

"ఆదివారం తాంబూలాలంట. పక్కింటి అంజమ్మత్త ఫోన్లో చెప్తే తెలిసింది నాకు. ఇప్పుడు నేను వద్దంటే మా నాయన తల యాడ పెట్టుకుంటాడు? వద్దనే దారే లేకుండా చేసినావు."

ఇంత దూరం దేవేంద్ర ఆలోచించలేదు.

"నీలిమా, మా అమ్మ..."

"మీ అమ్మను తేవద్దు. లెక్కలూ తీయొద్దు."

అతను ఫోన్ తీసి ఆమె తండ్రి గంగులప్పకే చేశాడు.

"మామా, ఆదివారం పెట్టుకోవద్దండి. తప్పు నాది. ముందు నీలిమను అడగాల్సింది, అడగలా. ఆమె కాదంటే మీ మాటేం పోదు, అబ్బాయే సరిలేడని చెప్పండి అందరికీ."

అవతల గంగులప్ప ఏదో గట్టిగా అరుస్తున్నాడు. అన్నీ విని ఫోన్ పెట్టేశాడు దేవేంద్ర.

"ఇప్పుడు వద్దనొచ్చు నువ్వు. నువ్వంటే నాకు ఇష్టం. నన్ను చేసుకుంటావా? ఇంతకన్నా చెప్పేదానికి రావడంలా నాకు."

నీలిమకు కోపం ఇంకా తగ్గలేదు, నవ్వు మాత్రం ఆగేలా లేదు.

"నా కోపం పోయేదానికి నెల పడుతుంది."

"నెల తర్వాత?"

"మా నాయనను నేనే అడుగుతా, దేవేంద్రను చేసుకుంటానని. ఆ పొద్దు నువ్వు నోరెత్తినావంటే సూడు."