మూడో అంతస్తులో ఊ కొట్టే గొంతు

ఢిల్లీ పక్కన వైశాలిలో మా అక్కావాళ్ళ అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు మెట్ల మలుపుకి చెడ్డపేరు ఉండేది. రాత్రిపూట లిఫ్టు ఆగిపోతే జనం కింద బెంచీ మీద పడిగాపులు పడేవారే గానీ, ఆ మలుపు దాటి పైకెళ్ళడానికి ఒక్కడికీ కాళ్ళు వచ్చేవి కావు. గేటు దగ్గర వాచ్‌మన్ అయితే దణ్ణం పెట్టి మరీ చెప్పేవాడు — "సాబ్, సీఢీ సే మత్ జాయియే. తీస్రే మాలే పే ఆద్మీ బోల్తా హై."

మెట్ల మీంచి వెళ్ళొద్దు, మూడో అంతస్తులో మనిషి మాట్లాడతాడు అని. మనిషి అంటే బతికున్న మనిషి కాదు...

నేను ఉండేది ఢిల్లీకి ఇంకో మూల, ద్వారకలో. ఇదంతా మా బావగారు సదాశివరావు నోట విన్నదే. విన్నది విన్నట్టు చెప్తాను, ఉప్పూ కారం నేను వెయ్యను. ఒక్కటే షరతు — నేను చెప్తున్నంతసేపూ ఎవరూ ఊ కొట్టకండి. మామూలుగా ఎదుటివాళ్ళు ఊ కొట్టకపోతే నాకు మాట ముందుకు సాగదు. ఈ ఒక్కదానికి మాత్రం వద్దు.

ఆ మలుపు పక్క ఫ్లాట్లో రంగనాథ్, సుభాషిణి అని కొత్త దంపతులు ఉండేవారు. అతనిది తెనాలి, ఆ పిల్లది గుడివాడ. రంగనాథ్‌కి నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అది పగటి సంగతి. ఇంటికొచ్చాక అసలు పని మొదలయ్యేది — చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని ప్లగిన్లు తయారుచేసేవాడు. ఏమిటవీ అంటే, పాటలు రికార్డు చేసే పెద్ద సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న చిన్న ముక్కలట. ఒక ముక్క తగిలిస్తే గొంతు గుళ్ళో పాడినట్టు మోగుతుంది, ఇంకోటి తగిలిస్తే నూతిలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఇవి రాయడానికి సంగీతం కోసమే పుట్టిన ప్రోగ్రామింగ్ భాషలు ఉన్నాయట. అందులో నాలుగు లైన్లు రాస్తే కంప్యూటరు తంబూరా మీటుతుంది, ఇంకో నాలుగు రాస్తే మనిషి గొంతు విని బదులిస్తుంది.

ఒకసారి ఉగాదికి మా బావగారి పాటని ఆ గుడి ముక్కలోంచి తీసి వినిపించాడు. అప్పట్నుంచీ మా బావగారు తనకి గొంతుందని నమ్మేశారు. ఆ పాపం మాత్రం రంగనాథ్‌దే!

సుభాషిణి నోరు ఊరుకునేది కాదు. పాలవాడి దగ్గర్నుంచి పార్లమెంటు దాకా అన్నీ చెప్పేది. మంచి పిల్ల, మనసులో ఒకటీ దాచుకోదు.

ఆ ఏడు జనవరిలో పొగమంచు మీకు గుర్తుందా? చెయ్యి చాపితే చెయ్యి కనపడేది కాదు. రాత్రి ఆఫీసు నుంచి అర్జెంటుగా రమ్మని ఫోనొస్తే రంగనాథ్ బండేసుకుని వెళ్ళాడు. హైవే మీద ఆగి ఉన్న లారీ కనపడలేదు. అంతే... ముప్పై ఏళ్ళు నిండలేదు పిల్లాడికి.

కర్మకాండలు అయ్యాక సుభాషిణి తండ్రి వచ్చి ఇంటికి రమ్మన్నాడు. రానంది. మళ్ళీ వచ్చి బతిమాలాడు. "నేను ఇక్కడే ఉంటాను నాన్నా" — అంతకుమించి మాట లేదు. ఎందుకో చెప్పదు. తిండి సరిగ్గా తినదు, పుల్లలా అయిపోయింది. ఇలాగే ఉంటే ఈ పిల్ల కూడా దక్కదని మా అక్క రోజూ ఫోన్లో ఏడ్చేది.

అప్పుడే మొదలైంది ఆ గొంతు.

చీకటి పడితే ఆ ఫ్లాట్లోంచి సుభాషిణి మాట... మధ్యమధ్యలో ఒక మగ గొంతు. లోకులు కాకులంటారు కదా, ఊరుకుంటారా? మొగుడు పోయి నెలలు కాలేదు, అప్పుడే ఎవణ్ణో తెచ్చుకుందని కూశారు. ఆ కూతలు మా అనసూయక్క చెవిన పడ్డాయి. వాళ్ళందరి నోళ్ళూ మూయిద్దామని, ఒక రాత్రి గిన్నెలో పెరుగన్నం పట్టుకుని కిందికి దిగింది. తలుపు కొట్టబోయి... ఆగింది. విన్నది. గిన్నె పట్టుకుని అలాగే వెనక్కొచ్చి మంచం మీద కూలబడింది.

"ఏమండీ... అది రంగనాథ్ గొంతండీ," అందట బావగారితో.

బావగారు పగలబడి నవ్వారు. పగటిపూట మా బావగారి ధైర్యం చూడాలి మీరు! "దెయ్యాలు ఢిల్లీలో ఎక్కడుంటాయే? అద్దెలు కట్టలేక ఎప్పుడో పారిపోయాయి," అన్నారు. మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసరు, నోరు తెరిస్తే ఎదుటివాడికి సందివ్వరు. గొంతు కొండంత, గుండె పిట్టంత. ఇది నా మాట కాదు, మా అక్క మాటే.

సరే, వేసవి వచ్చింది. బావగారు టూరు మీద భోపాల్ వెళ్ళి వస్తున్నారు. రైలు ఆలస్యమై ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. పైగా కరెంటు లేదు. జనరేటరు కూడా మొరాయించింది. లిఫ్టు ఎక్కడో మధ్యలో ఆగి ఉంది. వాచ్‌మన్ ముందే దణ్ణం పెట్టేశాడు.

వాడి ముందు పరువు పోతుందని మెట్లెక్కారు మా బావగారు.

ఒక చేతిలో సెల్‌ఫోను టార్చి. ఇంకో చేతిలో స్టీలు క్యారియరు. నోట్లో ఆంజనేయ దండకం — భయంలో సగం ముక్కలు ఎగిరిపోతున్నాయట. మొదటి అంతస్తు దాటారు. రెండోది దాటారు. ఫ్యాన్లు లేవు, ఏసీలు లేవు, టీవీలు లేవు. ఆ నిశ్శబ్దంలో తన చెప్పుల చప్పుడు తనకే ఎవరో వెనకాల వస్తున్నట్టు వినపడుతోందట.

మూడో అంతస్తు మలుపు...

ఆ తలుపు కింద సందులోంచి నీలం వెలుగు. బిల్డింగంతా చిమ్మచీకటి... ఆ ఒక్క గుమ్మంలో మాత్రం వెలుగు!

లోపల సుభాషిణి గొంతు, మామూలుగా, పనులన్నీ అయ్యాక మొగుడితో కబుర్లు చెప్పుకుంటున్నట్టే ఉంది.

"ఇవాళ కూడా పాలల్లో నీళ్ళేనండీ. అడిగితే వాడు నా మీదే లేచాడు..."

చిన్న విరామం.

"ఊ."

బావగారు ఎక్కడి మెట్టు మీద అక్కడే ఆగిపోయారు. ఆ గొంతు ఆయనకి తెలుసు. ఉగాదినాడు 'అంకుల్, ఇంకోసారి పాడండి' అన్న గొంతు. శ్మశానం దాకా తను భుజం ఇచ్చి మోసిన మనిషి గొంతు.

"నాన్న ఎల్లుండి మళ్ళీ వస్తున్నారు. ఈసారి తీసుకెళ్ళే వెళ్తారట. వెళ్ళనా?"

"ఊ."

"మిమ్మల్నొదిలేసి వెళ్ళిపోనా?"

"ఊఁ..."

"చూడండి, పొమ్మనే అంటున్నారు," అని సన్నగా నవ్వింది. ఏడుపు కన్నా ఆ నవ్వే భయంకరంగా ఉందట.

బావగారి చేతిలో క్యారియరు జారింది. మెట్ల మీద గిన్నెలు వేటికవే దొర్లుకుంటూ గణగణమని కింది దాకా పోయాయి. ఆ మోతకి పైప్రాణాలు పైనే పోయాయి ఆయనకి.

తలుపు తెరుచుకుంది.

"అంకుల్, మీరా! చీకట్లో పడిపోతారు, లోపలికి రండి," అంది సుభాషిణి.

బావగారు గుసగుసగా — "లోపల... ఎవరమ్మా?"

"ఎవరూ లేరంకుల్."

"ఊ," అంది లోపల్నుంచి.

మా బావగారు గుమ్మాన్ని కావలించుకున్నారు. ఇది నేను కల్పించింది కాదు, స్వయంగా ఒప్పుకున్నారు.

అప్పుడు ఆ పిల్లే ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి చూపించింది. బల్ల మీద లాప్‌టాప్. కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తోంది, ఆ నీలం వెలుగు దానిదే. పక్కన చిన్న మైకు. కుర్చీకి రంగనాథ్ హెడ్‌ఫోన్స్ వేలాడుతున్నాయి.

"ఇది ఆయన రాసిందే అంకుల్. నా కోసం," అంది.

సంగతేమిటంటే — సుభాషిణి మాట్లాడుతుంటే రంగనాథ్‌కి హెడ్‌ఫోన్స్‌లో వినపడేది కాదు. "గోడకి చెప్పుకున్నా నయం" అని ఈ పిల్ల రోజూ సతాయించేది. దాంతో రంగనాథ్ ఒక కొంటె పని చేశాడు. మైకు ఆమె మాట వింటుంది. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగగానే ఈ ప్లగిన్ అతని గొంతుతో ఊ కొడుతుంది. ఒక పొట్టి ఊ, ఒక సాగదీసే ఊ, ఆవులిస్తూ అన్నట్టుండే ఊ, 'అలాగా?' అన్నట్టు పైకి లేచే ఊ. ఎప్పుడు ఏది అనాలో దానిష్టం.

"మొదట్లో నేను మురిసిపోయాను తెలుసా అంకుల్? మనిషి ఎంత మారిపోయాడో అని అమ్మకి ఫోన్ చేసి కూడా చెప్పాను. ఒకరోజు అనుమానం వచ్చి, వంటింట్లోంచి 'ఏమండీ, ఇల్లు అంటుకుంది' అన్నాను. 'ఊ' అంది ఇది."

"ఆ రోజు యుద్ధమే. తర్వాత ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. దొరికిపోయాక కూడా తీసెయ్యలేదాయన. ఏ ఊ నాదో, ఏ ఊ దానిదో పట్టుకో చూద్దాం — అని ఆట కట్టారు."

అక్కడ ఆగింది. లాప్‌టాప్ బుద్ధిగా "ఊ" అంది.

"ఆ రాత్రి ఆయన హాల్లో ఉన్నారు, నేను వంటింట్లో ఉన్నాను. మంచు బాగా కురుస్తోందండీ, బండి వద్దు, ఆఫీసు క్యాబ్ పిలిపించుకోండి — అని చెప్పాను. 'ఊ' అని వినపడింది. సరే విన్నారు కదా అనుకుని చపాతీలు కాల్చుకుంటున్నాను. బయటికొచ్చి చూస్తే బండి తాళం లేదు."

"ఊ."

"ఆ ఊ ఆయనదా, దీనిదా అంకుల్?"

ఏం చెప్తారు మా బావగారు? మీరైతే ఏం చెప్తారు?

"విని కూడా వెళ్ళారంటే కోపం వస్తుంది. వినకుండా వెళ్ళారంటే కడుపు తరుక్కుపోతుంది. ఆ రోజు ఊలో కొంచెం నవ్వు కలిసినట్టు అనిపించింది. ఆ నవ్వున్న ఊ ఇందులో ఉందా లేదా అని రోజూ మాట్లాడి మాట్లాడి వెతుకుతున్నాను. ఒక్కోసారి అచ్చం ఇదే అనిపిస్తుంది. మర్నాడు కాదనిపిస్తుంది. ఆయన స్నేహితుడు ఒకాయన, దీన్ని తెరిచి చూస్తే నిమిషంలో తేలిపోతుందన్నాడు. వద్దన్నాను. తేలిపోతే ఇంక నేను రేపటి నుంచి ఎవరితో మాట్లాడను?"

ఇదీ సంగతి. ఆ పిల్ల పుట్టింటికి పోనిది ఇందుకు. అక్కడికెళ్ళి నలుగురి మధ్యా కూచుని దీనితో మాట్లాడితే పిచ్చిదంటారని, దీన్ని మూసేస్తారని భయం. "మాట ఆపితే ఇల్లంతా మీదపడుతుంది అంకుల్. అందుకే ఆపను. అలిసిపోగానే దీన్ని మూసేసి పడుకుంటాను," అంది.

మా బావగారు నోరు తెరిచారు. ఓదార్చడానికి ఒక్క ముక్క దొరకలేదు. పెద్ద పెద్ద మీటింగుల్లో అందరినీ కూచోబెట్టేసే మనిషి, ఆ పిల్ల ఎదురుగా మూగవాడైపోయారు. ఆమె కూడా ఇంక చెప్పడానికేమీ లేనట్టు తల దించుకుంది.

ఇద్దరూ మాట్లాడలేదు. ఫ్యాను లేదు, గడియారం చప్పుడు కూడా లేదు. ఎంతసేపో ఆయనకి తెలీదు. చాలాసేపు...

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే చివర్న నావల్ల కాదు. ఆ వచ్చిన తండ్రితోనే సుభాషిణి వెళ్ళిపోయింది. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని రైలెక్కిందట. ఇప్పుడు గుడివాడలో బడిపిల్లలకి పాఠాలు చెప్తోంది. ఆ ఫ్లాట్లోకి ఎవరో పంజాబీవాళ్ళు వచ్చారు. ఆ మలుపులో ఇప్పుడు పరాఠాల వాసన తప్ప ఏమీ లేదు.

కానీ ఆ రాత్రి... ఆ ఇద్దరూ అలా ఉలుకూ పలుకూ లేకుండా కూచున్నప్పుడు...

లాప్‌టాప్ మాట్లాడింది. ఊ కాదు. మాట!

"సుభా?"

ఆ పిల్ల చటుక్కున తలెత్తింది. నెలల తరబడి దాని ముందు కూచున్నా, ఈ మాట ఎన్నడూ వినలేదు. వినడానికి ఒక్కనాడూ మాట ఆపలేదు కదా.

"ఏంటి సుభా, చప్పుడు లేదు? మళ్ళీ ఇల్లు అంటుకుందా?" ఆ గొంతులో నవ్వు ఉంది. "అలిగావా? నువ్వు వాగుతున్నంతసేపూ నా పని నాకవుతుందే. నువ్వు మాట్లాడకపోతే మాత్రం నాకు చెయ్యాడదు. ఉండు... హెడ్‌ఫోన్స్ తీసేసి వస్తున్నా. ఒక్క నిమిషం."

ఆ యుద్ధం తర్వాత ఎప్పుడో రికార్డు చేసి, చాలాసేపు చప్పుడు లేకపోతే మోగేలా పెట్టి ఉంటాడు, ఈసారి అలిగి నోరు మూసుకుంటే నవ్విద్దామని. అది బావగారికి తెలుసు, సుభాషిణికీ తెలుసు. అయినా ఇద్దరి చూపులూ ఒక్కసారే ఆ కుర్చీ మీదికి, అక్కణ్ణుంచి గుమ్మం వైపుకి తిరిగాయి.

సుభాషిణి ఏడవలేదట. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ గుమ్మం వైపే చూస్తూ, చిన్న గొంతుతో —

"ఊ," అందట.