ఫలక్‌నుమా దిగుడులో మూడో నంబరు లారీ

శవం స్టీరింగు మీద వాలి ఉంది.

1944 జనవరి. మంగళవారం, ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలు. ఫలక్‌నుమా దిగుడు ముగిసేచోట మూడో నంబరు లారీ రాతి గోడలోకి సగం దూరి ఆగింది. బస్తాలు పగిలి బియ్యం రోడ్డంతా పరుచుకుంది. ఆడవాళ్లు కొంగుల్లోకి ఎత్తుకుంటున్నారు. రేషన్ కాలం. డ్రైవర్ కొండల్ వైపు చూసే తీరిక ఎవరికీ లేదు.

ఠాణాకు పెద్ద అయిన పోలీసు అమీన్ ప్రహ్లాద్ సైకిలు దిగాడు.

లారీల యజమాని వెంకటనారాయణ అప్పటికే అక్కడున్నాడు. అమీన్ చెయ్యి పట్టుకుని ముందు చక్రం దగ్గరికి లాక్కుపోయాడు.

"ఇది యాక్సిడెంట్ కాదు సాబ్. ఖూన్. గిటు చూడుండ్రి."

బ్రేకు ఆయిల్ పోయే రబ్బరు గొట్టం తెగి వేలాడుతోంది. కత్తితో కోసినట్టు నున్నటి కోత. కింద మడుగు కట్టిన ఆయిల్.

"ఎవరి మీద అనుమానం?"

"అనుమానమేంది? బుచ్చయ్య. ఎడ్లబండ్ల బుచ్చయ్య. మొన్ననే నా అడ్డాకొచ్చి లొల్లి చేసిండు, నీ లారీలు తగలబెడ్తనని. ఇరవై మంది విన్నరు. ఇయ్యాల పొద్దుగాల దిగుడు పైన, పెంటయ్య హోటల్ కాడ కొండల్ చాయ్ తాగుతుంటే లారీ పక్కనే ఉన్నడట."

పగ ఉన్న మాట నిజమే. యుద్ధం వచ్చి పెట్రోలుకు కూపన్లు పెట్టాక వెంకటనారాయణ కొత్త పద్ధతి పట్టాడు. నాలుగు దుకాణాల సరుకు ఒకే లారీలో. పోయేటప్పుడు ఉప్పు, వచ్చేటప్పుడు బియ్యం. ఒక్క మైలు కూడా ఖాళీగా తిరగదు. ఆ దెబ్బకు పన్నెండు ఎడ్లబండ్లు పని లేక నిలబడిపోయాయి.

ప్రహ్లాద్ కోత వైపు ఇంకోసారి చూశాడు.

"బుచ్చయ్యను పట్టుకురా," అన్నాడు వెనకే వచ్చిన పోలీసు జమేదారుతో.

ఎనిమిదింటికల్లా బుచ్చయ్య లాకప్పులో ఉన్నాడు.

గురువారం ఉదయం జమేదారు ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. అడుగున వేలిముద్ర.

"ఒప్పుకున్నడు సాబ్. రేపు కోర్టుల పెడితే సీదా ఉరే."

ప్రహ్లాద్ లాకప్పు దగ్గరికి వెళ్లాడు. బుచ్చయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడి మణికట్టు వాచి నల్లబడింది.

"గొట్టం కోసినవా?"

"కాగితంల ఏముంటే అదే సాబ్."

"నిన్ను అడుగుతున్న."

"నన్ను మస్తు అడిగిండ్రు. బ్రేకు గొట్టం ఏడుంటదో మీ జమేదారే చెప్పిండు. ఎడ్లకు ఎక్కడ నొప్పైతదో నాకెరుక. లారీ సంగతి నాకేం ఎరుక?"

పదకొండు గంటలకు ప్రహ్లాద్ దిగుడు ఎక్కాడు. పెంటయ్య హోటల్ ముందు, లారీలు ఆగేచోట, నేల మీద మోకాళ్లూని వెతికాడు. మట్టి తెల్లగా, పొడిగా ఉంది. ఆయిల్ మరక లేదు. కిందివరకూ నడుస్తూ వచ్చాడు. ఒక్క చుక్క లేదు.

మళ్లీ పైకి ఎక్కాడు. ఈసారి హోటల్ లోపలికి. గల్లాపెట్టె వెనక గోడకు మేకు. మేకుకు ఒక తాళంచెవి. దానికి కట్టిన రేకుబిళ్ల మీద 3 అంకె.

"ఇదేంది పెంటయ్యా?"

"సేఠ్‌ది సాబ్. డ్రైవర్లు ఇచ్చిపోతరు, నేను పెడ్త. పిల్లలు గలోణ్ని, నన్నేం అడగకుండ్రి."

ప్రహ్లాద్ జేబులోంచి తాను రాసిన పంచనామా తీశాడు. లారీలో, శవం మీద దొరికిన వస్తువుల జాబితా. రెండుసార్లు చదివాడు. ముఖం వేడెక్కింది. తాళంచెవి తీసుకుని బయటికి నడిచాడు.

సాయంత్రం నాలుగు. బహదూర్‌పురాలో వెంకటనారాయణ లారీల అడ్డా. గోడ మీద అద్దాల చట్రంలో పెట్రోలు పొదుపును మెచ్చుకుంటూ సర్కారు కచేరీ ఇచ్చిన కాగితం. దాని కింద యజమాని. ఎదురుగా ఎడమ చేతికి బేడీతో బుచ్చయ్య, గుమ్మంలో పెంటయ్య. మూలన కాలికి కట్టుతో ఎల్లయ్య. మంగళవారం కొండల్ పక్కన కూర్చుని వచ్చిన క్లీనరు అతనే. యాభై ఏళ్ల మనిషి.

"సేఠ్, ఆ దినం మీరు ఎన్ని గంటలకొచ్చిండ్రు?"

"ఆరున్నరకు. మొఘల్‌పురా ఇంట్ల ఉన్న. కబురొచ్చింది."

"ఎవరు తెచ్చిండ్రు?"

"ఎవరో... యాదికి లేదు."

"లారీ గోడకు తగిలింది ఆరు ఇరవైకని చుట్టుపక్కలోళ్లు చెప్పిండ్రు. పది నిమిషాల్ల కబురు మొఘల్‌పురా పోయింది, మీరు ఇటొచ్చిండ్రు. రెక్కలున్నయా?"

వెంకటనారాయణ నవ్వబోయి ఆగాడు.

ప్రహ్లాద్ తాళంచెవిని బల్ల మీద పెట్టాడు.

"నా పంచనామాల బీడీకట్ట ఉంది, అగ్గిపెట్టె ఉంది, లైసెన్సు ఉంది. లారీ చావి లేదు. చావి లేని లారీ షాద్‌నగర్ నుంచి ఎట్లొచ్చిందని సంతకం పెట్టినప్పుడు నాకు తోచలే. ఎల్లయ్యా, నువ్వు చెప్పు."

ఎల్లయ్య యజమాని వైపు చూశాడు. "నౌకరీ పోతది సాబ్."

"కొండల్ పాణమే పోయింది."

ఎల్లయ్య తల వంచుకున్నాడు. "సేఠ్ హుకుం సాబ్. దిగుడు పైన ఇంజన్ బంద్ చేసి, గేరు తీసి, ఊరికే జారాలె. పెట్రోలు కాలది. నడిమిట్ల భయపడి మళ్ల ఇంజన్ చాలు చేస్తరని చావి పైన్నే పెంటయ్యకియ్యాలె. కింద సేఠ్ రెండో చావి పట్టుకొని నిలవడతడు. రోజూ."

"మంగళవారం?"

"అరవై బస్తాల లారీకి వంద ఎక్కించిండ్రు. సగం దిగంగనే బ్రేకు కాలిన వాసనొచ్చింది. కొండల్ ఎంత తొక్కినా పట్టలే. ఉరుకుతున్న లారీకి గేరు పడాలంటే ఇంజన్ నడవాలె గద. చావి లేదాయె. గేరు పండ్లు కొరికింది గని పడలే. 'దూకు మామా' అన్నడు. దూకిన."

"వాడెందుకు దూకలే?"

"ముంగట ఇండ్లున్నయి సాబ్. గోడ దిక్కు తిప్పిండు."

ప్రహ్లాద్ యజమాని వైపు తిరిగాడు.

"గొట్టం హోటల్ కాడ కోస్తే ఆయిల్ అక్కడ కారాలె, దారంట కారాలె," అన్నాడు ప్రహ్లాద్. "మొత్తం గోడ కాడనే ఉన్నది. అంటే లారీ ఆగినంక కోసిండ్రు. అప్పుడు అక్కడున్నది మీరొక్కరే. రెండో చావి మీ జేబులనే ఉన్నది. దాన్ని అప్పుడే లారీకి పెట్టి ఉంటే నాకు ఏ దారీ దొరక్కపోతుండె. గని మీ లారీలు రోజూ చావి లేకుండనే దిగుతయి. అలవాటైన మీ కంటికి అది లోపం లెక్క కనిపించలే."

వెంకటనారాయణ పంచె కొంగుతో మెడ తుడుచుకున్నాడు. "లారీలన్నీ జప్తు చేస్తరని భయపడ్డ సాబ్. నేనేమన్న చంపాలనుకున్ననా? ఒక్కో దిగుడుకు ఎంత పెట్రోలు మిగులుతదో మీకెరుకనా? ఆ కాగితం చదువుండ్రి."

"పెట్రోలు మిగిలింది," అన్నాడు బుచ్చయ్య. అడ్డాలో అతను నోరు విప్పింది అదొక్కసారే. "మనుషులే ఒడిసిపోయిండ్రు."

అయిదున్నరకు పైవాళ్ల నుంచి ఠాణాకు టెలిఫోను వచ్చింది. ఊళ్లోకి ధాన్యం రావాలి, లారీలు ఆపొద్దు. చావి ఇచ్చింది డ్రైవరే కనక చావుకు కేసు నిలవదు. సాక్ష్యం మార్చినందుకు మాత్రం రాసుకో. ఆరింటికి వెంకటనారాయణ జామీను మీద ఇంటికి వెళ్లాడు.

ప్రహ్లాద్ బుచ్చయ్య బేడీ తానే తీశాడు.

"ఇగ నీకు ఫికర్ లేదు. ఇంటికి పో."

బుచ్చయ్య కుడి చెయ్యి చాపి వేళ్లు ముడవబోయాడు. అవి ముడుచుకోలేదు. "ఇంటికి పోత సాబ్. పొద్దుగాల పగ్గం ఎవరు పట్టాలె?"

"జమేదారు మీద ఫిర్యాదియ్యి. నేను రాసుకుంట."

"నన్ను పట్టుకరమ్మన్నదెవరు సాబ్?"

గుమ్మం దగ్గర నిలబడ్డ జమేదారు పైకప్పు వైపు చూశాడు.

"నేనే," అన్నాడు ప్రహ్లాద్.

"గా పేరు గూడ రాస్తరా?"

ప్రహ్లాద్ తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. కలం సిరాలో ముంచాడు. పాళీ కాగితానికి వేలెడు పైన ఆగింది. సిరా చుక్క ఒకటి జారి పడింది. తర్వాత ఇంకొకటి.

బుచ్చయ్య ఎదురుచూడలేదు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఠాణా మెట్లు దిగిపోయాడు.