ఒక్కో క్లిక్కుకీ ఒక్కో మాట

తెర మీద మాట గిర్రున తిరిగింది. బంతిలా ఎగిరింది. కింద పడి మళ్ళీ లేచింది.

"ఆపండి," అంది ఆమె.

"ఇంకా అయిపోలేదండీ. చివర్లో రంగు కూడా మారుతుంది," అన్నాడతను హుషారుగా.

"మా పిల్లల గది మూసేస్తున్నారు మహానుభావా! అది చెప్పుకోడానికి స్లైడ్లు చేసిపెట్టమంటే, మీరు అక్షరాలకి గంతులు నేర్పుతున్నారు."

అతను కంప్యూటర్ సెంటర్లో ప్రెజెంటేషన్లు నేర్పే మాస్టారు. స్టూడెంట్లు పెట్టిన పేరు క్లిక్కు. ఆమేమో వీధి చివరి బట్టల ఫ్యాక్టరీలో, అక్కడ పనిచేసే తల్లుల పిల్లల్ని ఓ గదిలో చూసుకునే అమ్మాయి. ఆ గదిలో ఉత్పత్తి జరగడం లేదు కాబట్టి దాన్ని గోడౌన్ చేసేస్తానన్నాడు యజమాని. అభ్యంతరం ఉంటే శుక్రవారం మీటింగుకి ప్రెజెంటేషన్ తెచ్చుకోమన్నాడు. నోటితో చెప్తే వినబడని పెద్దమనుషులకి గోడ మీద వేసి చూపించాలి మరి.

క్లిక్కు ముఖం చిన్నబుచ్చుకుని గంతులన్నీ తీసేశాడు.

"ఇప్పుడు మరీ బోసిగా ఉందండీ."

ఆమె తెర వంకే చూస్తూ అడిగింది. "మీకు మాటల్ని రప్పించడమేనా, పంపించడం రాదా?"

"అంటే?"

"కటింగ్, కుట్టు, కాజాలు, ఇస్త్రీ, ప్యాకింగ్. ఫ్యాక్టరీ మొత్తం తెర మీద ఉండాలి. గది మూస్తే ఎవరు మానేస్తారో నేను చెప్తుంటే, ఆ సెక్షన్ పేరు పోవాలి."

అతను కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "దాన్ని ఎగ్జిట్ ఎఫెక్ట్ అంటారు. క్లాసులో ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"నేనడిగాగా."

"అయితే మంచులా మెల్లగా కరిగిపోయేట్టు పెడతా. చాలా బాగుంటుంది."

"పని మానేసిన మనిషి కరగదండీ. సీటు ఖాళీ అవుతుంది, అంతే."

ఈ పిల్లకి తన పని తనకంటే బాగా తెలిసిపోయిందేమిటా అని అతను కాస్త ఉడుక్కున్నాడు. ఆ ఉడుకుతోనే ఆమె వెళ్ళిన తలుపు వైపు చాలాసేపు చూశాడు.

రోజూ సాయంత్రం, పిల్లలు తల్లుల చంకెక్కి వెళ్ళిపోయాక, ఆమె వచ్చేది. ఖాళీ క్లాసులో ముందు బెంచీ మీద అతను. తెర పక్కన ఆమె. బయట వాన.

"కాజాల సెక్షన్లో మా పిన్ని పక్క సీటామె కొడుకున్నాడు చూశారూ, వాడికి మిషన్ చప్పుడు వినబడకపోతే నిద్ర పట్టదు. ఆదివారం ఇంట్లో ఒకటే గోల."

"ఇది కూడా స్లైడులో పెడదామా?"

"వద్దు. ఇది నీకు చెప్తున్నా."

'మీరు' కాస్తా ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ పట్టించుకోలేదు.

చివరి రిహార్సల్లో అతను టైమింగ్ రికార్డ్ చేశాడు. ఆమె ఒక్కో మాటకి ఎంతసేపు తీసుకుందో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. మీటింగులో ఆ లెక్కన మాటలు వాటంతటవే పోతాయి.

"నువ్వు బటన్ సంగతి మర్చిపో. నీ మాట వెంట అదే వస్తుంది," అన్నాడు గర్వంగా.

శుక్రవారం యజమాని, మేనేజర్లు బల్ల చుట్టూ కూర్చున్నారు. గోడ వారగా నిలబడ్డ ఆడవాళ్ళలో ఆమె పిన్ని కూడా ఉంది. క్లిక్కు లాప్‌టాప్‌ని ప్రొజెక్టర్‌కి తగిలించి ఓ మూలకి తప్పుకున్నాడు.

ఆమె మొదలుపెట్టింది. మాట కర్రతో కొట్టినట్టుంది.

"గది మూస్తే కటింగ్‌లో సగం మంది రేపే మానేస్తారు."

తెర మీద కటింగ్ కదల్లేదు.

"ఎక్కడికి పోయారమ్మా? అక్కడే ఉన్నారుగా!" అన్నాడు యజమాని. మేనేజర్లు పగలబడి నవ్వారు.

"కుట్టు..." అంది ఆమె. అప్పుడు తీరిగ్గా కటింగ్ పోయింది. నవ్వులు రెట్టింపయ్యాయి. గది చేజారిపోతోంది.

క్లిక్కు ఒక్క ఉదుటున వచ్చి షో ఆపేశాడు.

"తప్పు నాదండీ, ఆవిడది కాదు." టైమింగులన్నీ పీకేసి ఆమె వైపు తిరిగాడు. "మొదటి నుంచి చెప్పు. నేను నొక్కుతా."

ఆమె చెప్పింది. అతను ఆమె పెదాల వంకే చూస్తూ నొక్కాడు.

"కటింగ్." ఖాళీ.

"కుట్టు." ఖాళీ.

గోడ వారగా ఉన్నవాళ్ళు ముందుకు జరిగారు. "కాజాలు," అన్నప్పుడు పిన్ని చెయ్యెత్తింది. "నేనేనండీ అది."

ఇస్త్రీ పోయింది. ప్యాకింగ్ పోయింది. గోడ మీద తెల్లటి వెలుతురు మిగిలింది.

"ఇప్పుడు ఉత్పత్తి చేసుకోండి," అంది ఆమె.

ఎవరూ నవ్వలేదు. యజమాని ఆ తెలుపుని భరించలేకపోయాడు. "ఏయ్ అబ్బాయ్, అవి మళ్ళీ తెప్పించు."

క్లిక్కు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"గది ఉంచుతానని అనండి సార్, తెప్పిస్తాడు," అంది ఆమె.

యజమాని మేనేజర్ల వైపు చూశాడు. వాళ్ళు బల్ల వైపు చూశారు. "సరే. ఉంచుతాం. గోడౌన్ ఇంకెక్కడైనా చూస్తాం."

అందరూ విన్నారు. అప్పుడు నొక్కాడు.

బయట వరండాలో అతను వైరు చుడుతూ గొణిగాడు. "నాకర్థం కావట్లేదు. నీ రిహార్సల్ టైమింగే పెట్టా. తేడా రాకూడదు."

"వస్తుంది."

"ఎలా? అవే మాటలు కదా!"

"రిహార్సల్లో నీతో మాట్లాడా. ఇక్కడ వీళ్ళతో మాట్లాడా." ఆమె వాన వైపు తిరిగింది. "నీతో అయితే తొందరేం ఉండదు నాకు."

వైరు చేతిలోంచి జారింది. "నాక్కూడా... అంటే, నేను..."

"ఒరే నాయనా," పిన్ని వెనక నుంచి అంది, "అంత మంది ముందు నోరు తెరిచావు, ఇప్పుడేమైంది?"

"ఇష్టం పిన్నిగారూ! మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టం!"

"నాకెందుకు చెప్తావ్? దానికి చెప్పు." పిన్ని గొడుగు తెరిచి మెట్లు దిగింది. "మా అక్కకి నేను చెప్పుకుంటాలే. మీరు మెల్లగా రండి."

ఇద్దరి దగ్గరా గొడుగు లేదు. ఆ ఇబ్బంది గురించి ఇద్దరూ ఒక్క మాట కూడా అనలేదు.