తవుడిచ్చి కొన్న బిడ్డ

పెంటకుప్ప మీద పాత గుడ్డ పరిచి పడుకోబెట్టిన పసివాడి కాలికి కడియం పచ్చగా వెలుగుతోంది. పైడమ్మ పదడుగులు వెనక్కి నడిచి, బిడ్డకు వీపు పెట్టి, నలుగురికీ వినపడేలా అంది.

"ఈడు నా గుంటడు కాడు. ఎవులికి కావాలో ఒట్టుకుపొండి."

కడియం ఎర్రగా మారింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఊళ్లో ఇది కొత్త తంతేమీ కాదు. వరసగా బిడ్డలు పోయిన ఇంట మళ్లీ కాన్పయితే చావు గుమ్మంలోనే కాచుక్కూర్చుంటుందని, తల్లి 'నా'దన్న బిడ్డనే ఎత్తుకుపోతుందని వాళ్ల నమ్మకం. అందుకని బిడ్డను పెంట మీద వదిలేస్తారు. ఇంకొకామె ఏరుకుంటుంది. తల్లి ఆమెకు చేటెడు తవుడిచ్చి కొనుక్కుంటుంది, కానీ ఆపైన ఎన్నడూ 'నా బిడ్డ' అని నోటితో అనదు. మంత్రసాని తవిటమ్మ డెబ్బై ఏళ్ల కిందట అలా దక్కిన మనిషే, ఆ పేరూ అలా వచ్చిందే. పైడమ్మకు ముగ్గురు పుట్టి, ముగ్గురూ పురిటి మంచం మీదే పోయారు. వీడు నాలుగోవాడు. మొగుడు చెన్నైలో తాపీ పనికి పోయాడు, కష్టమైనా సుఖమైనా ఆమె ఒక్కతే పడాలి.

ఇక కడియం సంగతి. కొన్నాళ్లుగా పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ రబ్బరు పట్టీ తొడుగుతున్నారు. లోపల గోరంత చిప్ ఉంటుంది. అది బిడ్డ గుండె వేగం, ఊపిరి, ఒంటి వేడి కొలుస్తుంది. చుట్టుపక్కల మాటలు వింటుంది. బిడ్డ ఎవరి చేతుల్లో ఉందో పోల్చుకుంటుంది. మూడో రోజు వీడు ఊపిరందక నీలం తిరిగితే అంబులెన్స్‌ను పిలిచింది కూడా అదే. పసికందుల్ని అమ్ముకునే ముఠాలూ, లంచం మింగి కళ్లు మూసుకునే అధికార్లూ పెరిగిపోవడంతో డాక్టర్ ఇందుమతి దాన్ని తయారుచేసింది. మనిషి చెయ్యి పడితే నిజం పాడవుతుందని ఆమె అనుభవం. అందుకే కడియం రాసిన నివేదికను ఎవరూ, ఆఖరికి తానైనా సరే, దిద్దడానికి వీల్లేకుండా చేసింది. పాపం, మంచికే చేసింది.

తవిటమ్మ బిడ్డను ఏరుకుంది. పైడమ్మ తవుడిచ్చి తీసుకుంది. సాయంత్రానికి ఇంటి ముందు జీపు ఆగింది. ఇద్దరు నర్సులతో ఇందుమతి దిగింది.

"కడియం ప్రకారం మీరు బిడ్డను పారేశారు. ఈమె అమ్మింది, మీరు కొన్నారు. బిడ్డను శిశుగృహానికి తీసుకెళ్లాలి," అంది.

తవిటమ్మ నోరు నొక్కుకుంది. "ఓలమ్మా! తవుడికి బిడ్డనమ్ముతారేటి? గండం తప్పడానికి సేసినాం తల్లీ." జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. వింటున్నకొద్దీ ఇందుమతి ముఖం పాలిపోయింది.

"నేను నమ్ముతాను, అది నమ్మదు," అంది చివరికి. "ఒక్క దారుంది. తల్లి వివరణ ఒకసారి వింటుంది. దగ్గరగా వంగి, 'వీడు నా బిడ్డ' అనండి చాలు. ఆ ఎర్ర దీపం ఆరిపోతుంది."

పైడమ్మ వంగింది. బిడ్డ కాలు ఆమె చెంపకు తగిలింది. ఆ పాదాన్ని ముద్దు పెట్టుకుని మళ్లీ లేచి కూర్చుంది.

"అనీయే పైడీ," తవిటమ్మ బతిమాలింది. "నమ్మకాలన్నీ ఉత్తివే అనుకుందాం."

"మరి నువ్వెలా బతికినావత్తా?"

ఇందుమతి పైడమ్మ పక్కన కూర్చుంది. "అమ్మా, మీ పిల్లలు పోయింది వైద్యం అందక. వీణ్ణి బతికించింది తవుడు కాదు, ఈ కడియం."

"కావొచ్చు డాక్టరమ్మా. సదువుకున్నోరు, మీకు తెలుసు. కానీ మీ మాట తప్పయితే ఈడు సచ్చిపోతాడు. నా మాట తప్పయితే నాకు దూరమౌతాడు, అంతే గదా. ఎక్కడో అక్కడ బతుకుతాడు."

ఆమె మళ్లీ వంగింది. కడియానికి నోరు ఆనించి అంది. "నా గుంటడు కాడు. తవుడిచ్చి కొన్నాను."

బిడ్డతో జీపు వెళ్లిపోయింది. పైడమ్మకు రవికె తడిసిపోతూనే ఉంది. పాలు ఇంకిపోవడానికి తవిటమ్మ ఆమె రొమ్ముల మీద మల్లెపూలు వేసి గుడ్డ కట్టింది. వారం పాటు రోజూ కొత్త పూలు కట్టింది.

ఇందుమతికి మాత్రం నిద్ర పట్టలేదు. తన యంత్రం మీద తానే కోర్టుకెక్కింది. ఏడాది తిరిగి, చెప్పులరిగి, ఒక కాగితం సంపాదించింది. బిడ్డ నాదేనని తల్లి వేలిముద్ర వేస్తే చాలు, తెచ్చి ఒళ్లో పెడతారు. ఆ కాగితం పట్టుకుని పరుగున వచ్చింది.

పైడమ్మ కాగితం వైపు చూడలేదు.

"నడుస్తున్నాడా?"

"నడుస్తున్నాడు."

"పళ్లొచ్చినాయా?"

"ఆరు."

పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపులోంచే నవ్వింది. ఇందుమతికి ప్రాణం లేచొచ్చింది, ఇంకు డబ్బీ మూత తీసి ముందుకు జరిపింది. పైడమ్మ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"దక్కినాడు గదా డాక్టరమ్మా," అంది. "ఇంక నాను ఈ జన్మలో ఆడ్ని నావోడనకూడదు."