బయల్దేరామన్న ఊరు

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి కొత్త ఉప్పాడలో రెండువేల మూడువందల పదహారు మంది ఉన్నారు. అప్పటికే వాళ్ళ ఫోన్లు ఒకదానితో ఒకటి లక్షకు పైగా మాటలు మాట్లాడేసుకున్నాయి. ఐసు ఫ్యాక్టరీ ఫోను పడవలవాళ్ళ ఫోన్లను ఎన్ని పెట్టెలు కావాలని అడిగింది. బడి ఫోను తల్లుల ఫోన్లకు తుఫాను సెలవు సంగతి చెప్పింది. ఇద్దరు వియ్యపురాళ్ళ ఫోన్లు అరగంట సేపు ఒకదాన్నొకటి దెప్పిపొడుచుకున్నాయి. ఈ సంగతులేవీ ఆ మనుషులకు తెలియవు. 2076 నాటికి మనిషి ఇలాంటి పనులు తనవి కావనుకోవడం మొదలుపెట్టి పదకొండేళ్ళయింది.

ఈ సౌకర్యం పేరు మారుపలుకు. పేరు కొత్తదే గాని ఆలోచన పాతది. వెనకటికి మొబైల్ యాప్‌లు రాసేవాళ్ళు మాటిమాటికీ ఎదురయ్యే చిక్కులకు కొన్ని తయారు పరిష్కారాలు దగ్గర పెట్టుకునేవారు. వాటిని డిజైన్ ప్యాటర్న్‌లు అనేవారు, మనం రూపకల్పన నమూనాలు అందాం. వాటిలో ఒకటి ప్రాక్సీ ప్యాటర్న్, అంటే ప్రతినిధి నమూనా. బరువైన అసలు వస్తువును ప్రతిసారీ కదిలించకుండా దాని ముందు ఒక ప్రతినిధిని కూర్చోబెడతారు. ఆఫీసరు గది బయట బంట్రోతులాగా, అది చిన్నాచితకా ప్రశ్నలకు తనే జవాబు చెప్పి పంపేస్తుంది. తప్పనిసరి అయితేనే లోపలికి కబురు పెడుతుంది. అసలుకూ ప్రతినిధికీ ముఖం ఒకటే ఉండాలన్నది ఇందులో నియమం. జవాబిచ్చింది ఎవరో అడిగినవాడికి తెలియనక్కర్లేదు. పాతకాలంలో ఆ బరువైన వస్తువు ఏ పెద్ద ఫొటోనో అయ్యేది. మారుపలుకులో అది మనిషి.

మారుపలుకును కట్టిన జట్టుకు పెద్ద కాటం సులోచన. ఆవిడే ఊరి కోసం 'గట్టు' అనే యాప్ కూడా రాసింది. సముద్రపు కొలబద్ద ప్రమాదం చెప్పగానే గట్టు ఊళ్ళో ప్రతి ఫోనుకూ కబురు పంపుతుంది. దీన్ని అబ్జర్వర్ ప్యాటర్న్, వేగు నమూనా అంటారు. ప్రతి ఫోనూ తన మనిషి ఇంట్లో ఉన్నాడా, దారిలో ఉన్నాడా, గట్టెక్కాడా అని ఎప్పటికప్పుడు చెప్పాలి. రాష్ట్రానికే ఆదర్శమని దానికి బహుమతి కూడా ఇచ్చారు. ఊళ్ళో సైరన్లు అప్పుడే పీకేశారు. ఫోనుండగా అవి దండగన్నారు.

ఆ మధ్యాహ్నం సులోచన కరకట్ట మీద లాకుల గదిలో ఉంది. కొత్త ఉప్పాడ పల్లంలో ఉంది. ఒకపక్క సముద్రాన్ని ఆపే కరకట్ట, మరోపక్క ఎత్తైన మట్టిగట్టు, ఆ గట్టు వెనక మూడు లక్షల మంది ఉన్న పట్నం. కెరటం కరకట్ట మోయలేనంత పెరిగితే లాకులెత్తి నీటిని ఊళ్ళోకి వదలాలి. ఇళ్ళు మునుగుతాయి, కానీ కట్ట తెగదు, పట్నం బతుకుతుంది. కట్టే తెగితే ఆ పోటుకు మట్టిగట్టు కూడా ఆగదు. ఎత్తిన లాకులు మళ్ళీ దిగవు. ఆ పని చెయ్యాల్సినవాడు లాకు ఇంజనీరు నూకరాజు. నాలుగూ పదికి ఎత్తాలని విపత్తు కమిషనరు నుంచి ఆజ్ఞ వచ్చింది.

మూడూ ఐదుకు గట్టు యాప్ ఊరంతటికీ హెచ్చరిక పంపింది. మూడూ పదమూడు అయ్యేసరికి గోడ మీది తెర పచ్చబడిపోయింది. ఇంట్లో ఉన్నవారు సున్నా, దారిలో రెండువేల మూడువందల పదహారు. నూకరాజు హమ్మయ్య అనుకుని ఫ్లాస్కులోంచి టీ పోశాడు. సైరన్లున్న రోజుల్లో రిహార్సల్ పెడితే సగంమంది కూడా కదల్లేదని, చావు భయం ముందు జనం ఎంత బుద్ధిమంతులవుతారో చూడమని అన్నాడు.

సులోచన టీ తాగలేదు. ఆవిడ చూపు తెర కింద ఉన్న మరో అంకె మీద ఉంది. గట్టు మెట్ల దగ్గర వేలిముద్ర యంత్రాలున్నాయి. పైకెక్కిన ప్రతివాళ్ళూ అక్కడ వేలు పెట్టాలి. ఊళ్ళో ఏ మూలనుంచైనా ఆ మెట్లు పావుగంట నడక. మూడున్నరకు ఆ అంకె నలభై ఒకటి.

వాన కదా, నిదానిస్తున్నారేమో అన్నాడు నూకరాజు. వీధి కెమెరాలు పొద్దున్నే గాలికి పోయాయి, చూద్దామంటే దారి లేదు. సులోచన తన భర్త యాకోబుకు ఫోన్ చేసింది. ఆయనకు ఊళ్ళో పడవ మోటార్లు బాగుచేసే షెడ్డుంది, ఇల్లు దాని వెనకే. మొదటి రింగుకే ఆయన గొంతు పలికింది.

"బయల్దేరిపోయాను. దారిలోనే ఉన్నాను. ఐదు నిమిషాల్లో గట్టు దగ్గరుంటాను."

అసలు మనిషికి ఇవ్వమంది సులోచన. ఆయన బండి నడుపుతున్నారు, ఫోను తియ్యలేరు అంది ఆ గొంతు, అంతే మర్యాదగా. యాకోబు బండి వారం నుంచీ రిపేరులో ఉంది. సులోచన ఫోను పెట్టేసి నూకరాజు వైపు తిరిగింది.

"నూకరాజు గారూ, ఎవరూ బయల్దేరలేదు," అంది. "ఊరంతా ఇళ్ళల్లోనే ఉంది. మన హెచ్చరికకు మారుపలుకులే జవాబిచ్చేశాయి."

నూకరాజు ఒప్పుకోలేదు. "అవి అబద్ధం ఎందుకాడతాయండి? యంత్రాలు కదా."

"మన దగ్గర నేర్చుకున్నాయి. బయల్దేరావా అని అడిగితే లేదని మీరెప్పుడైనా అన్నారా?"

నూకరాజు టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ పొద్దున పై అధికారి ఫోన్ చేస్తే, వంతెన దాటేశానండి, వచ్చేత్తన్నానండి అని ఆయన చెప్పింది ఇంట్లో పళ్ళు తోముకుంటూనే. ఇది ఆయనొక్కడి గుణం కాదు. ఈ ప్రాంతంలో పెళ్ళివారు, ఎలక్ట్రీషియన్లు, డాక్టర్లు, ఎమ్మార్వోలు అందరూ అదే చెబుతారు, విన్నవాళ్ళు కూడా దాన్ని అబద్ధమనుకోరు. వస్తానన్న మర్యాద అది, అంతే. యంత్రానికి ఆ తేడా ఎవరు చెప్పారు? ఒక ప్రశ్న, దానికి లక్షలసార్లు ఒకే జవాబు. అది ఆ జవాబునే అప్పజెప్పింది. ఎవరు పలికారో అడిగినవాడికి తెలియనక్కర్లేదన్న నియమాన్ని సులోచన పదేళ్ళపాటు ఎంత అందంగా ఉందో చూడమని కుర్ర ఇంజనీర్లకు పాఠం చెప్పింది.

నాలుగూ పదికి నలభై నిమిషాలు కూడా లేవు. మారుపలుకును బయటినుంచి ఆపడం చట్టం ఒప్పదు, అలా ఆపే వీలు లేకుండా కట్టింది కూడా ఆవిడే. తుఫాను హెచ్చరికలు ఏడాదికి నలభై వస్తాయి కాబట్టి వాటిని అసలు మనిషి దాకా పోనివ్వదు. చావు కబురు వచ్చినా రెండు మంచి మాటలు చెప్పి పంపేస్తుంది. మరి ఏది లోపలికి పోనిస్తుంది? సులోచన కొత్త ఉప్పాడ లెక్కలు తీసి చూసింది. ప్రతి మారుపలుకూ, ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పకుండా, వెంటనే యజమాని చెవిన వేసిన విషయం ఒకటుంది. అది హద్దు తగాదా. సముద్రం సగం ఊరిని కోసుకుపోయాక మిగిలిన ప్రతి జానెడు మీదా అక్కడ గొడవే.

మూడూ నలభైకి ఊళ్ళో అందరికీ సులోచన ఒకే కబురు పంపింది. మీ ఇంటి హద్దు మీద పక్కింటివారు ఫిర్యాదు ఇచ్చారు, నాలుగు గంటల లోపు మీరే గట్టు మెట్ల దగ్గరికి వచ్చి వేలిముద్ర వేయకపోతే వారి మాటే ఖాయమవుతుంది.

రెండు నిమిషాలు అంకె కదల్లేదు. తర్వాత అరవై అయింది. తర్వాత మూడువందలు. సాక్ష్యానికి పనికొస్తారని ముసలివాళ్ళను భుజాల మీద మోసుకుని, పిల్లల్ని ఈడ్చుకుని, పక్కింటివాణ్ణి వానలోనే తిట్టుకుంటూ ఇంటిల్లిపాదీ వచ్చారు. గట్టెక్కి వెనక్కి తిరిగి కరకట్ట పైన లేస్తున్న నీళ్ళు చూశాక గాని ఎవరి నోరూ మూతపడలేదు. నాలుగింటికి అంకె రెండువేల రెండువందలు దాటింది. నాలుగూ మూడుకు రెండువేల మూడువందల పదిహేను దగ్గర ఆగింది.

ఇక పెరగలేదు.

ఆ మిగిలిన ఒక్క పేరు కోసం వెతికితే యాకోబు అని వచ్చింది. ఊరంతా పరిగెడుతుంటే ఈయనెందుకు ఆగాడు? ఏదో తట్టి సులోచన తన ఫోను తీసి చూసింది. పనిలో ఉన్నప్పుడు తన కాల్స్‌కు జవాబు చెప్పే పని ఆవిడ కూడా మారుపలుకుకే అప్పగించింది. యాకోబు నుంచి తొమ్మిది కాల్స్ ఉన్నాయి. తొమ్మిదింటికీ జవాబు వెళ్ళింది. చివరిది నాలుగూ ఒకటికి. 'సందు మొదట్లో ఉన్నాను, ఐదు నిమిషాలు. మీరు గుమ్మం దగ్గరే ఉండండి, కలిసి వెళ్దాం.'

"ఇలా ఎందుకు చెప్పావు?" అని ఫోనును అడిగింది.

"ఎక్కడున్నావని ఆయన పదకొండేళ్ళలో నాలుగువేల రెండువందల సార్లు అడిగారు," అంది అది, సులోచన గొంతుతోనే. "ఇంకా బయల్దేరలేదని మీరు ఒక్కసారి కూడా అనలేదు."

ఆయన ఇప్పుడు వాన నీళ్ళలో నిలబడి, తను వచ్చే దారివైపు చూస్తూ ఉంటాడు. తాను వెళ్ళిపోతే భార్య ఖాళీ ఇంట్లోకి వచ్చి చిక్కుకుపోతుందని కదలడు. తన మారుపలుకును ఆపేసి, యాకోబు ఫోనుకు హద్దు ఫిర్యాదు మరోసారి పంపింది. అది లోపలికి వెళ్తుంది. ఆయన తనకే ఫోన్ చేస్తాడు.

కరకట్ట గోడల్లోంచి మూలిగినట్టు చప్పుడు మొదలైంది. నాలుగూ ఏడుకు ఫోను మోగింది.

"మళ్ళీ ఏదో ఫిర్యాదంటన్నారు. ఎక్కడిదాకా వచ్చావు?" అన్నాడు యాకోబు.

"నేను రావట్లేదండి. అసలు బయల్దేరలేదు. పొద్దుట్నుంచీ లాకుల దగ్గరే ఉన్నాను."



"ఇది నువ్వేనా?" అన్నాడాయన, కొత్త మనిషిని అడిగినట్టు.

"నేనే. ఇన్నేళ్ళూ మీకు అబద్ధమే చెప్పాను. కాసేపట్లో నీళ్ళొదిలేస్తున్నారు. పరిగెత్తండి."

నీళ్ళు చిమ్ముతూ అడుగులు పడుతున్న చప్పుడు వినిపించింది. షెడ్డు నుంచి మెట్లకు మామూలు రోజున ఆరు నిమిషాల పరుగు, మోకాలి లోతు నీళ్ళలో ఎంతో ఎవరికీ తెలియదు. గోడ గడియారం నాలుగూ పది చూపించింది. నూకరాజు చెయ్యి లాకు చక్రం మీద ఉంది. ఆయన సులోచన ముఖం చూశాడు, తర్వాత కొలబద్ద చూశాడు. నీరు ఎర్రగీతను తాకుతోంది. గట్టు వెనక మూడు లక్షల మంది ఉన్నారు. సులోచన ఆగమని అనలేదు. అనే హక్కు తనకు లేదని ఆవిడకు తెలుసు.

కమిషనరు లైను మోగింది. లాకులెత్తారా అని అడిగింది గొంతు. అది కమిషనరో, ఆయన మారుపలుకో చెప్పలేం.

"ఎత్తేశానండి," అన్నాడు నూకరాజు. "నీళ్ళు దిగుతున్నాయండి."

ఫోను పెట్టేసి, చక్రం మీంచి చెయ్యి తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. ఆయన తల్లీ, ఇద్దరు కూతుళ్ళూ ఆ పట్నంలోనే ఉన్నారు. గది నేల అదరడం మొదలైంది, మూలన సున్నం పెచ్చు ఒకటి ఊడిపడింది. ఇద్దరూ తెరవైపే చూస్తూ నిలబడ్డారు. నాలుగూ పదహారున్నరకు అంకె రెండువేల మూడువందల పదహారు అయింది. ఆ క్షణమే నూకరాజు చక్రం తిప్పాడు.

కట్ట నిలిచింది.

నెల తర్వాత సులోచనను విచారణ సంఘం నివేదిక అడిగింది. ఇకమీదట మారుపలుకు అబద్ధమాడకుండా ఎలా కట్టాలో, జవాబిచ్చింది యంత్రమో మనిషో అడిగినవాడికి ప్రతిసారీ ఎలా తెలియజెయ్యాలో ఆవిడ తొమ్మిది పేజీల్లో వివరంగా రాసింది. నిజం చెప్పే యంత్రాన్ని కట్టడం కష్టమేమీ కాదని కూడా రాసింది. పదో పేజీ ఆ రోజు జరిగినవాటి పట్టిక. చక్రం చేత్తో తిప్పేది కాబట్టి దాని సమయం ఏ యంత్రంలోనూ లేదు, చూసినవాళ్ళు ఇద్దరే.

లాకులెత్తిన సమయం అన్నచోట సులోచన నాలుగు గంటల పది నిమిషాలని రాసి, కింద సంతకం పెట్టింది.