గురువారం బండి

వ్యాపారం మొదలుపెట్టిన రోజున మిల్ఫర్డ్ ష్రాగ్ చేతిలో ఉన్నవి మూడే. రేకుల కప్పు వేసిన దాణా కొట్టు, ఎనిమిది అడుగుల తొట్టి ఉన్న పాత పికప్ బండి, ఐదడుగుల ఒక అంగుళం ఎత్తున్న భార్య. కొట్టు వానకు కారేది. బండి చలికి మొరాయించేది. ఎల్డా మాత్రం ఏ కాలంలోనూ మొరాయించలేదు.

కాన్సస్ గోధుమ పొలాల మధ్య ఆ చిన్న ఊళ్లో ముప్పై ఎనిమిదేళ్లుగా కొట్టు నడుస్తోంది. వసంతం రాగానే ప్రతి గురువారం కోళ్ల ఫారం నుంచి టపాలో పోస్టాఫీసుకు కోడిపిల్లల పెట్టెలు వస్తాయి. దాణా బస్తాలతో పాటు వాటిని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి రావడం మిల్ఫర్డ్ కొట్టు ప్రత్యేకత. అతను బండి నడిపేవాడు. ఎల్డా దిగి, తొట్టి పక్క రేకు మీదుగా చెయ్యి చాపి పెట్టె అందుకునేది. ఒక్కో పిల్ల ముక్కును నీళ్లలో ముంచి, తాగడం నేర్పి, అప్పుడు అప్పజెప్పేది. ఈలోగా ఆ ఇంటి క్షేమసమాచారమంతా తెలుసుకుని వచ్చేది. ఎవరికి ఈసారి తక్కువ దాణా సరిపోతుందో, ఎవరు కొట్టు మారే ఆలోచనలో ఉన్నారో, అన్నీ ఆమె నోటి నుంచే మిల్ఫర్డ్‌కు తెలిసేవి.

పోయిన శరదృతువులో పాత బండి అడుగుభాగం తుప్పుపట్టి విరిగింది. పాత ఇనుము వాళ్లు వచ్చి పట్టుకుపోయారు. కొత్త బండి కోసం కొడుకు కెండల్‌తో కలిసి షోరూముల చుట్టూ తిరిగాడు మిల్ఫర్డ్. "రెండు తలుపులు, పొడుగు తొట్టి, తక్కువ ఎత్తు" అని అడిగితే అమ్మే కుర్రవాళ్లు నవ్వారు. అలాంటివి ఎవరూ కొనడం లేదట, ఆర్డరు పెడితే ఎప్పుడొస్తుందో చెప్పలేరట. చివరికి నాలుగు తలుపులది కొన్నాడు. ఏడు వేల కిలోల బరువు లాగుతుంది. లోపల సీట్లు ఇంట్లో సోఫా కంటే మెత్తన. తొట్టి మాత్రం ఐదున్నర అడుగులే. ప్లైవుడ్ షీటు పెడితే వెనక తలుపు మూసుకోదు. పాత బండి తొట్టిలో పట్టే సరుకుకే ఇప్పుడు వెనక ఒక ట్రెయిలర్ తగిలించాల్సి వస్తోంది.

అయినా మిల్ఫర్డ్ ముచ్చటపడ్డాడు. డెబ్బై ఏళ్ల వయసులో జీవితంలో మొదటి కొత్త బండి. రోజూ పొద్దున్నే జేబురుమాలుతో అద్దం తుడిచేవాడు.

ఏప్రిల్‌లో ఒక గురువారం ఉదయం. వంటింట్లో కాఫీ వాసన, జ్వీబాక్ రొట్టెల పిండి వాసన కలిసిపోయాయి. వరండాలో పెట్టెల్లోంచి కోడిపిల్లలు గోల పెడుతున్నాయి.

"వస్తున్నావా?" అడిగాడు మిల్ఫర్డ్, టోపీ పెట్టుకుంటూ.

"పిండి పొంగుతోంది. వదిలేసి ఎలా రాను?"

"పోయిన వారం కూడా పొంగింది."

"పిండి అన్నాక పొంగదా?"

"ఈ ఇంట్లో ఆరు వారాల నుంచి గురువారమే పొంగుతోంది."

ఎల్డా తల ఎత్తలేదు. పిండి ముద్దను రెండుసార్లు గట్టిగా మోదింది. "విల్మాకి పది పిల్లలు. మర్చిపోకు. ముక్కులు ముంచి ఇవ్వు."

ఆదివారం చర్చికి కూడా ఆమె అతని బండిలో రావడం మానేసింది. "మనవలతో కూర్చుంటా" అంటూ కెండల్ వాళ్ల వ్యానులో వెళ్తోంది. మిల్ఫర్డ్ లెక్కకు ఒకటే తేలింది. తనను అడక్కుండా బండి కొన్నందుకు ఆమెకు కోపం వచ్చింది. నలభై ఆరేళ్ల కాపురంలో ఆమె కోపం మూడు రోజులు మించి ఎన్నడూ నిలవలేదు. ఇది ఆరు వారాలైంది.

ఊరి చివర ఒంటరిగా ఉండే విల్మా, కంచె గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. బ్రేకు వేసినప్పుడు పెట్టె జారి తొట్టి ముందు కొసకు వెళ్లిపోయింది. మిల్ఫర్డ్ వెనక తలుపు దించి, మోకాళ్లు పట్టుకుని పైకెక్కి, వంగి నడిచి, పెట్టె తెచ్చేసరికి ఆయాసం వచ్చింది.

"ఎల్డాకి ఒంట్లో బాలేదా?" అంది విల్మా.

"బాగానే ఉంది. ఇంట్లో పని."

"పోయినసారి నువ్విచ్చిన వాటిలో నాలుగు చచ్చిపోయాయి మిల్ఫర్డ్. నీ తప్పని కాదు. ఆమె అయితే నీళ్లు తాగేదాకా నిలబడేది. నువ్వు ఇంజను కూడా ఆపవు." తర్వాత నేల చూస్తూ అంది. "దాణా ఈసారి ఒక్క బస్తా చాలు."

ఎప్పుడూ మూడు తీసుకునే మనిషి. దారి పొడవునా అదే వరస. అందరూ అడిగింది ఎల్డానే. ఇన్నేళ్లూ వాళ్లు కొన్నది తన సరుకును కాదేమో అని మిల్ఫర్డ్‌కు మొదటిసారి అనుమానం వచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసరికి కెండల్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కొట్టు పనిలో సగం ఇప్పుడు అతనే చూస్తున్నాడు. తినడం మొదలుపెట్టాక మెల్లగా మాట కదిపాడు.

"నాన్నా, గురువారాలకి ఎవరినైనా మనిషిని పెడదాం. అమ్మకి అరవై తొమ్మిదొచ్చాయి. ఎన్నాళ్లని బండెక్కి తిరుగుతుంది? చర్చిలో దుప్పట్లు కుట్టే వాళ్లతో హాయిగా కూర్చోనీ."

మిల్ఫర్డ్ భార్య వైపు చూశాడు. కాదంటుందని ఎదురుచూశాడు. ఆమె గిన్నెలో గరిటె తిప్పుతూ ఉండిపోయింది.

"నీ మాట కూడా అదేనా?"

"ఏ మాట?"

"ఇక రానని. ఉంటే మొహం మీద చెప్పెయ్యి. వారానికోసారి పిండి మీద పెట్టి చెప్పొద్దు."

"రానని ఎవరన్నారు?"

"అనక్కర్లేదు. చర్చికి కూడా నా పక్కన కూర్చోవు. ఆ బండి కొన్నందుకేగా? అడక్కుండా కొన్నాను, తప్పే. దానికి ఎన్నాళ్లు శిక్ష?"

"శిక్షా!" ఎల్డా గరిటె వదిలేసింది. "నీకేం తెలుసని..."

"నాన్నా, అరవకు. అమ్మకి వయసు..."

"వయసు, వయసు! నువ్వు నోరు ముయ్యి కెండల్!" అంది ఎల్డా. లేచి వెనక తలుపు గుండా బయటికి వెళ్లిపోయింది.

మిల్ఫర్డ్ కూడా కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ఇంకా నాలుగు ఇళ్లు మిగిలాయి. ఎవరి కోసం ఆగాలి? ముందు గుమ్మం నుంచి దిగి, బండెక్కి, తాళం తిప్పాడు. లోపల తెరమీద ఏదో మెరిసింది, కూత పెట్టింది. ఆ బండి పెరట్లో కోడి అడ్డొచ్చినా కూస్తుంది. ఇన్నేళ్లూ ముందు అద్దంలోంచి దారి చూసి నడిపినవాడు, తెర వైపు చూడలేదు. అద్దంలోంచి చూశాడు. ఎదురుగా బానెట్, దాని అవతల దారి. ఎవరూ లేరు. గేరు వేశాడు.

"నాన్నా, ఆపు! ఆపు! అమ్మ!"

కెండల్ రెండు చేతులతో తలుపు మీద బాదుతున్నాడు. మిల్ఫర్డ్ కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది. కిందికి దూకినంత పని చేసి ముందువైపుకు పరుగెత్తాడు.

బంపరుకు రెండడుగుల దూరంలో, నేల మీద ఎల్డా. వంటింటి ముక్కాలి పీట తలకిందులై ఆమె ఒళ్లో ఉంది. పెరటి వైపు నుంచి చుట్టూ తిరిగి వస్తూ పీట జారిపోతే, తీసుకోవడానికి వంగింది. అంతే. వంగిన మనిషిని ఆ బానెట్ పూర్తిగా మింగేసింది.

"దెబ్బ తగిలిందా? ఎల్డా! ఎక్కడ?"

"తగల్లేదు. ఇంకొంచెం ముందుకొస్తే ఈ పీట విసిరేదాన్ని." నవ్వబోయింది కానీ కుదరలేదు. ఏడ్చేసింది.

మిల్ఫర్డ్ ఆమె పక్కన మట్టిలో కూలబడ్డాడు. ఆమె ఒళ్లోంచి పీట తీసి పక్కన పెట్టాడు. "పీట ఎందుకు తెచ్చావు?" అన్నాడు.

"ఎక్కడానికి."

"దేనికి?"

"దీనికే! నీ రథానికి." ఎల్డా ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. "ఇవాళ ఎలాగైనా నీతో వద్దామని. ఆరు వారాల నుంచి నువ్వు కొట్లో ఉన్నప్పుడు ఎక్కడం నేర్చుకుంటున్నా. పిడి పట్టుకుని, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి, ఒకటి, రెండు, మూడు అనుకుని. రెండుసార్లు ఎక్కాను కూడా."

"మరి?"

"ఎక్కితే చాలా? దిగాలి కదా! మొదటిసారి అరగంట పైనే కూర్చున్నా. పోస్టుమాన్ వచ్చి దింపాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు పాపం. రెండోసారి నేనే దిగాను." గౌను అంచు కాస్త పైకి లాగింది. పిక్క మీద జానెడు పొడవున కమిలిన మచ్చ, అంచుల్లో పసుపు తిరిగి ఉంది.

"నాకు చెప్పొచ్చు కదా!"

"ఎలా చెప్పను? పదిహేనేళ్లు ఎదురుచూసి కొన్నావు. ముక్కు తుడుచుకునే రుమాలుతో దాన్ని తుడుస్తున్నావు. నా కాళ్లు అందడం లేదు, అమ్మెయ్యి అననా?"

కెండల్ తల వంచుకుని నిలబడ్డాడు. "అమ్మా, నేను నిజంగా నీకు వయసైపోయిందనే అనుకున్నా."

"నేను కూడా అలాగే అనుకున్నానురా," అంది ఎల్డా నెమ్మదిగా. "ఏడ్చింది అందుకే."

మిల్ఫర్డ్ లేచి కొట్లోకి వెళ్లి కొలత టేపు తెచ్చాడు. ఏం మాట్లాడకుండా తొట్టి పక్క రేకు ఎత్తు కొలిచాడు. అరవై అంగుళాలు. ఎల్డాను చెయ్యిపట్టి లేపి, బండి పక్కన నిలబెట్టి, మడమ నుంచి నడినెత్తి దాకా కొలిచాడు. అరవై ఒకటి. పాతదానికి ఎంతో అతనికి కొలవకుండానే తెలుసు, కంచె గుంజలు దానికి ఆనించి కోసేవాడు. నలభై ఎనిమిది.

"కెండల్, ఇటు చూడు. మీ అమ్మ పెళ్లినాడూ ఇంతే ఎత్తు, ఇవాళా ఇంతే. బండే ఒక అడుగు ఎత్తు పెరిగింది. పెరిగినదాన్ని వదిలేసి మనిద్దరం ఈమెకు వయసు కట్టాం." టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ముప్పై ఎనిమిదేళ్లు సరుకు తూచి అమ్మినవాణ్ణి. ఎంత బరువు లాగుతుందో అడిగాను. ఎంత సామాను పడుతుందో అడిగాను. నా పక్కన కూర్చునే మనిషి ఎక్కగలదా అని ఒక్కమాట అడగలేదు."

"ఎవరైనా అడుగుతారా అలాంటివి?" అంది ఎల్డా, అతని మోచేతి మీది మట్టి దులుపుతూ.

"అడగాలి. పొద్దున్నుంచి పక్కన నువ్వు లేక, ఆ సీటు మీద నా టోపీ పెట్టుకుని మాట్లాడుతున్నాను."

ఈసారి ఆమె నవ్వింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కెండల్ ఉన్నమాట చెప్పాడు. ఆ బండంటే అతనికి ఇష్టం. ముగ్గురు పిల్లల కుర్చీలు వెనక సీట్లో ఒకే వరసలో పడతాయి. పశువుల ట్రెయిలర్ తగిలిస్తే అలవోకగా లాగుతుంది. "నాకిది ఇల్లు లాంటిది నాన్నా. మీకు కావాల్సింది చక్రాలున్న బల్ల." మిల్ఫర్డ్ తాళాలు బల్ల మీదుగా కొడుకు వైపు తోశాడు. ఒక షరతు పెట్టాడు. కదిలించే ముందు ప్రతిసారీ దిగి, ముందువైపు ఒకసారి నడిచి చూడాలి. కెండల్ నవ్వలేదు. సరే అన్నాడు.

మూడు వారాల తర్వాత, పక్క జిల్లా నుంచి ఒక బుల్లి బండిని తెచ్చారు. జపాన్‌లో పాతికేళ్లు కూరగాయలు మోసి, ఓడెక్కి వచ్చిన తెల్ల బండి. దాన్ని ట్రెయిలర్ మీద ఎక్కించుకుని లాగింది కెండల్ నడిపిన పెద్ద బండే. గోధుమ గిడ్డంగి దగ్గర కాఫీ తాగే ముసలాళ్లంతా కప్పులతో సహా బయటికి వచ్చారు.

"ఏరా మిల్ఫర్డ్, రోజూ నీళ్లు పోస్తే పెరుగుతుందా ఇది?" అన్నాడు లెరాయ్. ఆ గుంపుకు పెద్ద నోరు అతనే.

"టేపు తెచ్చుకోరా. దీని తొట్టి ఆరడుగుల నాలుగంగుళాలు. నీ కొండంత బండిది ఎంత?"

లెరాయ్ తన బండి వైపు చూసి కాఫీ తాగాడు.

పెద్ద హైవే ఎక్కే బండి కాదు అది, పొలాల మధ్య కంకర రోడ్లకే. మూడు పక్కల రేకులూ కిందికి వాలిపోతాయి. వాలిస్తే తొట్టి నేల ఎల్డా నడుము కంటే కిందే. ఇక్కడి బండ్లకు ఎడమవైపు ఉండే స్టీరింగు దీనికి కుడివైపు ఉంది. గురువారం పొద్దున మిల్ఫర్డ్ అలవాటుగా ఎడమ తలుపు తీశాడు. లోపల అప్పటికే ఎల్డా కూర్చుని ఉంది.

"ఏం, నా ఒళ్లో కూర్చుని నడుపుతావా?" అంది.

లోపల ఇద్దరికి సరిగ్గా చోటుంది. గేరు మార్చినప్పుడల్లా అతని మోచెయ్యి ఆమెకు తగులుతోంది. ఇద్దరిలో ఎవరూ పక్కకు జరగలేదు. మొదటి ఇంటి దగ్గర మిల్ఫర్డ్ దిగి వెళ్లి సాయం పట్టబోతే, "కూర్చో. ఇంజను ఆపు" అని ఆమె తనే దిగింది. పెట్టె అందుకుంది. పిల్లల ముక్కులు ఒక్కొక్కటే నీళ్లలో ముంచింది. విల్మా ఇంట్లో ఇరవై నిమిషాలు పట్టింది. మిల్ఫర్డ్ స్టీరింగు మీద వేళ్లు ఆడిస్తూ ఆ నవ్వులు వింటూ కూర్చున్నాడు.

ఎంత అమ్మామో చూడటం సాయంత్రం అతని అలవాటు. ఆ రోజు చూడలేదు. వేరే లెక్క పట్టుకున్నాడు. పదకొండు ఇళ్లు. ఎల్డా పదకొండుసార్లు దిగింది, పదకొండుసార్లు ఎక్కింది. ఒక్కసారి కూడా ఎవరి చెయ్యీ అడగలేదు. పన్నెండోసారి, సొంత ఇంటి ముందు బండి ఆగినప్పుడు మాత్రం దిగలేదు.

"ఇంకొంచెం దూరం పోనీ," అంది.

అతను పోనిచ్చాడు.