ఉలి తల

ఆ రిపేరు షెడ్డు వెనకాల ఒక గుంత ఉండేది. పైన లారీ నిలబెట్టి, కింద దూరి పని చేస్తారే... అలాంటిది. చీకటి పడ్డాక పిల్లులు కూడా దాన్ని చుట్టు తిరిగి పోయేవట. లోపల్నుంచి ఠంగ్... ఠంగ్... అని మోత. నాలుగు వీధుల అవతల వంటింట్లో గిన్నెలు ఊగేవట. ఊగాయనే అనుకోండి.

ఆ మోత, అదే షెడ్డులో పనిచేసి చనిపోయిన పెద్దఫిట్టరుది. ఆయనకో ఉక్కు ఉలి ఉండేది. ఎంత తుప్పు పట్టిన నట్టయినా దాని కింద వెన్నే.

సుత్తితో కొట్టగా కొట్టగా ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ అంచులు సానరాయి మీద అరగదీయాలి. లేకపోతే పెచ్చు ఊడి తూటాలా ఎగురుతుంది. ఒకసారి ఆయన బావమరిది చిన్నఫిట్టరు, అడక్కుండా ఆ ఉలి తీసి, చావగొట్టి, తల అరగదీయకుండానే పెట్టెలో పడేశాడు. మర్నాడు పెద్దఫిట్టరు ఒక్క దెబ్బ వేశాడు. పెచ్చు వచ్చి ఎడమ కంట్లో దిగింది.

"నీతో మాట్లాడితే ఒట్టు" అన్నాడు బావ. తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. మాట్లాడకుండానే పోయాడు.

పోయిన మర్నాడే చిన్నఫిట్టరు ఉలి ఎత్తుకొచ్చాడు.

"ఇచ్చెయ్యరా, ఆయన ఊరుకోడు" అంది అక్క.

"పోయినాయన లేచొచ్చి అడుగుతాడా?"

ఓ రాత్రి, తెల్లారేసరికి బయల్దేరాల్సిన లారీకి అడుగున నట్టు బిగుసుకుపోయింది. గుంతలోకి దిగడానికి ఎవడూ ఒప్పుకోలేదు. చిన్నఫిట్టరు దిగాడు. ఉలి తల మళ్లీ విచ్చుకుని ఉంది. చూశాడు. రేపు చూద్దాంలే అనుకున్నాడు.

మొహం దగ్గరగా పెట్టి కొట్టాడు. ఠంగ్.

వెనకాల ఇంకో ఠంగ్.

కొట్టడం ఆపాడు. మోత ఆగలేదు...

లైటు గుడ్డిగా అయిపోయింది. చెవి పక్కన, తుప్పు రాలినట్టు ఓ గొంతు—

"తల..."

చిన్నఫిట్టరు రెండు చేతులా తన తల పట్టుకున్నాడు. "బావా... నా తలా?"

"తల... తల..."

ఉలి, సుత్తి అక్కడే పారేసి, మెట్లన్నీ ఒక్క అంగలో ఎక్కేశాడు. వీపు వెనక ఠంగ్‌మంది. ఏదో రివ్వున పోయి గోడలో దిగింది.

తెల్లారాక పదిమందిని వెంటేసుకుని దిగాడు. నట్టు రెండు ముక్కలై పడుంది. రాత్రి తన ఎడమ కన్ను ఉన్నచోట, సరిగ్గా ఆ ఎత్తున, గోడలో ఇనప పెచ్చు. మెట్టు మీద ఉలి. తల చుట్టూ నున్నగా అరగదీసి ఉంది.

దాన్ని పట్టుకెళ్లి అక్క చేతిలో పెట్టాడు. ఆమె తల అంచు వేలితో తడిమింది.

"ఎడంచేతి వాటం. మీ బావ పనే."

"నన్ను కాపాడాడక్కా. 'తల' అని చెప్పాడు. నాతో మాట్లాడాడు."

అక్క ఉలిని కొంగులో చుట్టుకుంది.

"నీతోనా? నీ మొహం. ఒట్టు తప్పే మనిషి కాదాయన. మాట్లాడింది ఉలితో."